సవరలు ఎటు నుంచి వచ్చారు? పురాతన డీఎన్‌ఏ మన ఉత్తరాంధ్ర గురించి ఏం చెప్పగలదు?

నాగావళి ఒడ్డు (పాలకొండ)

సభ్యులందరికీ నమస్కారం. పురాతన డీఎన్‌ఏ మీద తెలుగులో వస్తున్న వ్యాసాలు దాదాపు అన్నీ ఆర్యుల దగ్గర మొదలై ఆర్యుల దగ్గరే ముగుస్తున్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఉన్నారు. వీరిలో సవరల భాష ముండా శాఖకు చెందినదనీ, కంబోడియాలోని ఖ్మేర్‌కూ వియత్నామీకీ దూరపు బంధువనీ భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలం క్రితమే తేల్చారు. ఆ భాష మాట్లాడిన మనుషులు తూర్పు నుంచి ఇక్కడికి వచ్చారా, ఇక్కడి నుంచే అటు వెళ్లారా, లేక మనుషులు ఉన్నచోటనే ఉండగా భాష ఒక్కటే ప్రయాణం చేసిందా అన్న ప్రశ్నకు జన్యుశాస్త్రం దగ్గర జవాబు ఉందా? తెలిసినవారు ఆధారంతో రాయగలరని మనవి. ఆర్య, ద్రావిడ రాజకీయాన్ని ఈ చర్చలోకి తేవద్దని కూడా మనవి.

జీవశాస్త్రం మాస్టారు (విజయనగరం)

మంచి ప్రశ్న వేశారు. బతికి ఉన్నవారి రక్తమో లాలాజలమో తీసుకుని చేసే పరిశీలన ఒకటి, వేల ఏళ్ల నాటి ఎముక నుంచో పన్ను నుంచో డీఎన్‌ఏ తీసి చదవడం మరొకటి. సవరల వంటి ముండా భాషీయుల గురించి మనకు తెలిసినదానిలో అధికభాగం మొదటి రకం పరిశీలన నుంచే వచ్చింది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే సంక్రమించే వై క్రోమోజోమ్, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ, ఈ రెండూ ముండా భాషీయులలో రెండు వేర్వేరు కథలు చెబుతాయి. ముండా మగవారిలో సుమారు సగం మందిలో, కొన్ని సమూహాల్లో అంతకు మించి, 'ఓ-ఎం95' అనే పితృరేఖ కనిపిస్తుంది. ఇదే రేఖ ఆగ్నేయాసియాలో విస్తారంగా ఉంది, అక్కడే వైవిధ్యం కూడా ఎక్కువ. మాతృరేఖలు చూస్తే దాదాపు అన్నీ భారత ఉపఖండానికి చెందినవే. జ్ఞానేశ్వర్ చౌబే, ఆయన సహ పరిశోధకులు 2011లో ఈ రెండింటినీ మిగతా జీనోమ్‌తో (అంటే మొత్తం డీఎన్‌ఏతో) కలిపి చూసి, తూర్పు నుంచి వచ్చిన వలసదారులు, వారిలోనూ ప్రధానంగా మగవారు, స్థానిక స్త్రీలతో కలిసిపోగా ఏర్పడిన జనమే నేటి ముండా భాషీయులని నిర్ణయించారు. మొత్తం వారసత్వంలో ఆగ్నేయాసియా భాగం పాతిక, ముప్పై శాతం ప్రాంతంలో ఉంటుంది. మిగిలినదంతా ఈ నేలదే. 2019లో వెలువడిన మరో పరిశోధన ఈ కలయిక 2,000 నుంచి 3,800 ఏళ్ల క్రితం జరిగి ఉంటుందని లెక్కగట్టింది. మనుషులు వచ్చారన్నదీ నిజమే, ఇక్కడివారే ఎక్కువ భాగం అన్నదీ నిజమే.

బొబ్బిలి పాఠకుడు

మాస్టారూ, మీరు చెప్పినదాన్ని కాదనను, కానీ రెండు సందేహాలున్నాయి. చిన్న సమూహాల్లో ఒక పితృరేఖ కొన్ని తరాల్లోనే, యాదృచ్ఛికంగా, పెద్ద శాతానికి పెరిగిపోవచ్చు. కాబట్టి సగం మందిలో ఒక రేఖ ఉన్నంత మాత్రాన వచ్చినవారు అంతమంది అని చెప్పలేం. ఇక రెండోది, కలయిక జరిగిన కాలమూ వలస వచ్చిన కాలమూ ఒకటి కానక్కరలేదు. వచ్చినవారు ఐదు వందల ఏళ్లు విడిగా బతికి ఆ తరువాత కలిసినా మీ లెక్కలో కలిసిన కాలమే కనిపిస్తుంది. ఇప్పటివారి రక్తం నుంచి గతాన్ని ఊహించే ఈ పద్ధతిలోనే ఆ లోపం ఉంది. మన కొండల నుంచి ఒక్క పురాతన ఎముకనైనా చదివితే ఈ వాదన తేలిపోదా?

ల్యాబ్ మనిషి (రాజాం, ప్రస్తుతం హైదరాబాద్)

బొబ్బిలి వారి రెండు సందేహాలూ న్యాయమైనవే. ఎముక సంగతి నేను చెబుతాను. డీఎన్‌ఏ క్రమాన్ని చదివే ప్రయోగశాలలోనే నా ఉద్యోగం.

ప్రాణం పోయిన వెంటనే డీఎన్‌ఏ తెగిపోవడం మొదలవుతుంది. వేడి, తేమ, ఆమ్లగుణం ఉన్న మట్టి, సూక్ష్మజీవులు, ఈ నాలుగూ దాని శత్రువులు, మన దగ్గర నాలుగింటికీ కొదువ లేదు. న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షుల ఎముకలను పరిశీలించి 2012లో ఒక లెక్క వేశారు. సగటున 13 డిగ్రీల వేడి ఉన్న చోట, 242 అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ ముక్కల్లో సగం 521 ఏళ్లలో తెగిపోతాయని తేలింది. మన కళింగపట్నంలో సగటు ఉష్ణోగ్రత అంతకన్నా 12 డిగ్రీలకు పైనే ఎక్కువ. అందుకే సైబీరియా గుహలో దొరికిన చిన్న వేలి ఎముక నుంచి డెనిసోవన్ అనే కొత్త మానవ శాఖనే 2010లో కనిపెట్టగలిగారు కానీ, మన దేశంలో హరప్పా నాగరికత నుంచి ఒక్క జీనోమ్ కోసం అన్ని తంటాలు పడవలసి వచ్చింది.

ఆ తంటాలు ఎలాంటివో చెబుతాను. హరియాణాలోని రాఖీగఢీ శ్మశానంలోని అస్థిపంజరాల నుంచి 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ దగ్గర మాత్రమే పనికివచ్చే డీఎన్‌ఏ దొరికింది. అది కూడా లోపలి చెవిని కప్పి ఉండే 'పెట్రస్' ఎముక నుంచి. శరీరంలో అంత దట్టమైన ఎముక మరొకటి లేదు కాబట్టి దాని లోపల డీఎన్‌ఏ ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ కొద్దిపాటి పొడి నుంచే వందకు పైగా సార్లు డీఎన్‌ఏను చదవడానికి సిద్ధం చేసి, చదివి, వచ్చినదంతా కలిపితే తప్ప 2019లో ప్రచురించదగ్గ సమాచారం పోగుపడలేదు. ఎముకలో ఉన్న డీఎన్‌ఏలో చాలావరకు మట్టిలోని బాక్టీరియాదే. అందులోంచి మనిషి ముక్కలను మాత్రమే పట్టి లాగే పద్ధతి రాబట్టే అది సాధ్యమైంది.

పట్టుకున్నది నిజంగా పాతదేనా, లేక తవ్వినవాడి చెమటా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. దానికి ఒక చక్కని పరీక్ష ఉంది. పాత డీఎన్‌ఏ ముక్కల చివర్లలో 'సి' అనే అక్షరం రసాయనికంగా చెడిపోయి, చదివేటప్పుడు 'టి'గా కనిపిస్తుంది. ఆ చెడిన గుర్తులు లేని డీఎన్‌ఏను మేము నమ్మం.

అయినా వేడి దేశాలన్నింటినీ వదులుకోనక్కరలేదు. ఇండోనేషియాలోని సులవేసి దీవి భూమధ్యరేఖకు దగ్గరగా, తేమతో నిండి ఉంటుంది. అక్కడి ఒక గుహలో 7,200 ఏళ్ల నాటి యువతి పెట్రస్ ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి 2021లో ప్రచురించారు. లావోస్, వియత్నాం నుంచి కూడా 2018లోనే పాత జీనోమ్‌లు వచ్చాయి.

ఆమదాలవలస చరిత్ర

మా పక్కనే దన్నానపేటలో బృహచ్ఛిలాయుగపు సమాధి రాళ్లున్నాయి, పెద్ద కప్పురాయితో సహా. చాలామంది వాటి పక్క నుంచి బస్సులో పోతూ కూడా అవి ఏమిటో ఎరగరు. అటువంటి చోట్ల నుంచి ఏమైనా ఆశించవచ్చా?

ల్యాబ్ మనిషి

రాళ్లకు డీఎన్‌ఏ ఉండదు కదండీ. లోపల కాలని ఎముక, అందులోనూ పుర్రె అడుగుభాగమో దవడ పన్నో దొరికితేనే ఆశ. దహనం చేసిన ఎముక అయితే దాదాపు ఆశ లేనట్టే. అంత వేడికి డీఎన్‌ఏ మిగలదు. ఆ లెక్కన మన శాలిహుండం, రామతీర్థం వంటి బౌద్ధ క్షేత్రాల్లో ధాతువులు (దహనం తరువాత మిగిలిన అస్థికలు) దొరికినా ఈ పనికి రావడం కష్టం. చనిపోయినవారిని దహనం చేసే ఆచారం దేశంలో విస్తరించిన కొద్దీ పురాతన డీఎన్‌ఏ పరిశోధకుడికి ముడిసరుకు తగ్గిపోయింది.

సాలూరు భాషాభిమాని

లావోస్, వియత్నాం ప్రస్తావన వచ్చింది కాబట్టి దాన్ని వదలకుండా ముందుకు తీసుకువెళ్దాం, ఎందుకంటే సవరల ప్రశ్నకు అసలు కీలకం అక్కడే ఉంది.

ఉత్తర వియత్నాంలోని మాన్ బాక్ అనే చోట సుమారు 4,000 ఏళ్ల నాటి సమాధుల నుంచి తీసిన డీఎన్‌ఏలో, దక్షిణ చైనా వైపు నుంచి వరి సాగుతో దిగివచ్చిన రైతులకూ అంతకుముందే అక్కడున్న వేటగాళ్లకూ మధ్య జరిగిన కలయిక కనిపించింది. ఆ సమాధుల జనానికి నేటివారిలో దగ్గరగా ఉన్నది ఆస్ట్రోఏషియాటిక్ భాషలు (ముండా, ఖ్మేర్, వియత్నామీ చేరిన కుటుంబం) మాట్లాడేవారే, మన నికోబార్ దీవుల వారితో సహా. అంటే నాలుగు వేల ఏళ్ల క్రితం ఈ భాషాకుటుంబం రైతులతో పాటు ఆగ్నేయాసియా అంతటా పరుచుకుంటోందని బలంగా అనుకోవచ్చు. ముండా శాఖ దాని పడమటి కొస.

మరి ఏ దారిన వచ్చారు? ఈశాన్యం గుండా, అస్సాం, బెంగాల్ మీదుగా నడిచి వచ్చారన్నది పాత అభిప్రాయం. ఫెలిక్స్ రౌ, పాల్ సిడ్‌వెల్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు 2019లో దీనికి భిన్నమైన ప్రతిపాదన చేశారు. ముండా భాషల పూర్వరూపం మాట్లాడిన చిన్న బృందాలు సుమారు 4,000 నుంచి 3,500 ఏళ్ల క్రితం సముద్రం మీదుగా వచ్చి మహానది డెల్టా ప్రాంతంలో దిగి, అక్కడి నుంచి లోపలికి విస్తరించాయని వారి వాదన. సవర, గుటోబ్ వంటి దక్షిణ ముండా భాషలు చాలావరకు ఒడిశా కొండలకూ మన కొండలకూ పరిమితమై ఉండటం, మగవారి రేఖలు మాత్రమే బలంగా కనిపించడం, రెండూ పడవల్లో వచ్చిన చిన్న బృందాలనే కథకు బాగానే సరిపోతాయి. నాకు ఈ వాదన నచ్చింది, ఒప్పుకుంటాను. మన తీరం కథలో కొంచెం దగ్గరగా వస్తుంది కదా! అయితే దీన్ని రుజువు చేయాలంటే ఒడిశా తీరంలోని నవీన శిలాయుగపు ఎముకలు చదవాలి.

ఇంకొక మాట. భాషను బట్టి వంశం చెప్పే అలవాటు మనం మానుకోవాలి. మా సాలూరు చుట్టుపక్కల గదబలు మాట్లాడేది ద్రావిడ భాష. కోరాపుట్ వైపు అదే గదబ పేరుతో పిలవబడే గుటోబ్‌లు మాట్లాడేది ముండా భాష. ఒకే పేరు కింద రెండు భాషాకుటుంబాలు! యూరప్‌లో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలోకి క్రీ.పూ. 2500 నుంచి 2000 మధ్య స్టెప్పీ (యూరప్, ఆసియాల నడుమ ఉన్న గడ్డి మైదానాలు) వారసత్వం ఉన్నవారు ప్రవేశించగా, అక్కడి పితృరేఖలు దాదాపు పూర్తిగా మారిపోయాయని 2019లో పురాతన డీఎన్‌ఏ చూపించింది. అయినా బాస్క్ ప్రజలు అంతకు ముందటి భాషనే నేటికీ మాట్లాడుతున్నారు. తండ్రులు మారినా భాష నిలిచింది.

బొబ్బిలి పాఠకుడు

బాస్క్ ఉదాహరణ బాగుంది. కానీ అమ్మా, మీ వాదనకే అది ఎదురు తిరుగుతుంది: మన సవరల విషయంలో తల్లులు స్థానికులే అయినా భాష వచ్చినవారిదే నిలిచింది కదా. ఒక చోట తండ్రులు గెలిచారు, మరో చోట ఓడారు. అటువంటప్పుడు జన్యువుల నుంచి భాష గురించి ఏ సూత్రమూ తీయలేమని తేలిపోయినట్టే.

సాలూరు భాషాభిమాని

నేను చెప్పదలచుకున్నదీ అదేనండీ.

సీతంపేట సవర

ఇంతసేపూ మా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక మాట నేనూ రాస్తాను. మా ఇంటి పెద్దల నోట నేను విన్న కథల్లో కొండలున్నాయి, వాగులున్నాయి, చనిపోయినవారితో మాటలున్నాయి. పడవ మాత్రం లేదు. అందువల్ల పడవ అబద్ధమని నేను అనను. నాలుగు వేల ఏళ్ల సంగతి ఏ ఇంటి జ్ఞాపకంలోనూ నిలవదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చి, మా పిల్లలకు మా భాషలోనే చదువు చెప్పాలని తపించారు; ఆయన మా భాష వయసు అడిగారే గాని మమ్మల్ని ఎవరో బయటివారుగా చూడలేదు. నా భయం వేరే. 'తూర్పు నుంచి వచ్చారు' అన్న ఒక్క ముక్కను పట్టుకుని, రేపు ఎవరో వచ్చి 'అయితే మీరూ వలసదారులే, ఈ కొండ మీద మీకు ప్రత్యేక హక్కేమిటి' అని అడిగితే ఏం చెప్పాలి?

ఇంకొకటి. నా చిన్నప్పుడు మా ఊరికి ఎవరో వచ్చి రక్తం తీసుకువెళ్లారు. ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ ఎవరూ రాలేదు.

జీవశాస్త్రం మాస్టారు

బాబూ, మీ భయానికి జవాబు పురాతన డీఎన్‌ఏలోనే ఉంది, కొంచెం ఓపికగా చెబుతాను.

వాఘీశ్ నరసింహన్, కుమారస్వామి తంగరాజ్, డేవిడ్ రైక్ తదితరులు 2019లో మధ్యాసియా, ఇరాన్, పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ ప్రాంతాలకు చెందిన 523 మంది ప్రాచీనుల డీఎన్‌ఏను ప్రచురించారు. దాని ప్రకారం ఇప్పటి భారతీయుల వారసత్వంలో మూడు పెద్ద పాయలున్నాయి. మొదటిది అన్నింటికన్నా పాతది, ఈ ఉపఖండపు ఆదిమ వేటగాళ్లది. అండమాన్ ఓంగేలు వారికి చాలా దూరపు జ్ఞాతులు. రెండవది ఇరాన్ వైపు ప్రాచీనులతో సంబంధం ఉన్నది. రాఖీగఢీ స్త్రీలో కనిపించినవి ప్రధానంగా ఈ రెండే; ఆమెలోని ఇరాన్ సంబంధ పాయ ఇరాన్ తొలి రైతుల నుంచి కాక, వ్యవసాయం పుట్టకముందే వారి నుంచి విడిపోయిన శాఖ నుంచి వచ్చిందని ఆమె డీఎన్‌ఏను చదివిన పరిశోధకులు వాదించారు. మూడవది స్టెప్పీ మైదానాలది. అది ఆమెలో లేదు, ఆ తరువాత, సుమారు క్రీ.పూ. 2000 నుంచి 1500 మధ్య వచ్చింది. ఆమెలో స్టెప్పీ లేకపోవడాన్ని పట్టుకుని 'వలసే జరగలేదు' అని కొన్ని పత్రికలు రాశాయి. ఆమె ఆ వలసకు ముందే చనిపోయిందన్న సంగతి వారికి తట్టలేదు కాబోలు.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. అదే పరిశోధనలో ఒడిశాకు చెందిన జువాంగ్ అనే ముండా సమూహాన్ని తీసుకుని లెక్కలు వేశారు. మిగతా దక్షిణ భారతీయుల పూర్వీకులకు నికోబారీల వంటివారిని కలిపితే జువాంగ్‌లు ఏర్పడరు. దానికి పైన ఆదిమ వేటగాళ్ల పాయ అదనంగా, విడిగా కావలసి వచ్చింది. దాని అర్థం ఏమిటంటే, తూర్పు నుంచి ముండా భాష తెచ్చినవారు ఈ కొండలకు చేరే నాటికి, ఇరాన్ సంబంధ పాయ ఇంకా కలవని ఆదివాసులు ఇక్కడ ఉన్నారు. ముండా జనపు పూర్వీకుల్లో వారూ ఉన్నారు. కాబట్టి మిమ్మల్ని వలసదారులనేవారికి చెప్పవలసిన మాట ఒక్కటే: మైదానంలోని మాకన్నా ఈ నేల తొలి మనుషుల వాటా మీ రక్తంలో ఎక్కువగా ఉంది. మా కోమట్లలోనైనా, బ్రాహ్మణులలోనైనా, వెలమలలోనైనా, కాపులలోనైనా ఏదో ఒక పాయ వాయవ్యం నుంచి వచ్చినదే.

రాజాం కుర్రాడు

మాస్టారు గారూ, అన్ని కులాల్లోనూ అన్ని పాయలూ ఉంటే కులాలు ఎప్పటివి మరి? మా ఇంట్లో మనుస్మృతి నాటివంటారు, మా కాలేజీలో ఆంగ్లేయులు కనిపెట్టారంటారు.

జీవశాస్త్రం మాస్టారు

2013లో ప్రియా మూర్జానీ బృందం 73 సమూహాలను పరిశీలించి, ఉత్తర, దక్షిణ మూలాల కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం మధ్య ముమ్మరంగా జరిగిందని, ఆ తరువాత కలయిక బాగా తగ్గిపోయిందని చూపించింది. సమూహాల లోపలే పెళ్లిళ్లు చేసుకునే పద్ధతి అప్పటి నుంచి బిగుసుకుందని దీని అర్థం. కాబట్టి మీ ఇంటివారి మాటే కొంత దగ్గర, కాకపోతే అంతకు ముందు రెండు వేల ఏళ్లపాటు అందరూ అందరితో కలిశారన్న సంగతి వారు ఒప్పుకోవలసి ఉంటుంది.

ల్యాబ్ మనిషి

దీనికి ఆసుపత్రితో సంబంధం ఉన్న కొసరు ఒకటుంది. మన ఆర్యవైశ్యులు వంద తరాలకు పైగా తమలో తామే పెళ్లి చేసుకుంటున్నారని జన్యువులు చూపిస్తున్నాయి. తెనాలిలోనైనా విజయనగరంలోనైనా ఒకే చిన్న మూల సమూహపు గుర్తులు కనిపిస్తాయి. శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును కరిగించే ఎంజైమ్ లోపం వారిలో ఇతరులకన్నా చాలా ఎక్కువ; ఆ మందు వాడితే రోగి చాలాసేపటి వరకు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోవచ్చు. మత్తుమందు డాక్టర్లు ఈ సంగతి ఎప్పటి నుంచో ఎరుగుదురు. ఆపరేషన్‌కు వెళ్లే ఆర్యవైశ్య మిత్రులు ఈ విషయం డాక్టరుకు ముందే చెప్పడం మంచిది.

నాగావళి ఒడ్డు

చర్చ నేను అనుకున్నదానికన్నా లోతుగా సాగింది, అందరికీ కృతజ్ఞతలు. సీతంపేట వారు అడిగిన రెండో సంగతికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

ల్యాబ్ మనిషి

దానికి నేను జవాబుదారీగా ఉండవలసినవాణ్ణే. పాతకాలంలో నమూనాలు తీసుకున్న తీరు చాలాచోట్ల అలాగే ఉండేది. ఇప్పుడు నైతిక కమిటీ అనుమతి, దాతకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. ఫలితాలు తిరిగి ఊరికి వచ్చి చెప్పాలన్న పట్టింపు మాత్రం ఇంకా పరిశోధకుడి మనసును బట్టే ఉంది. ఇకముందు ఎవరైనా మీ ఊరికి వస్తే, సంతకం పెట్టేముందు ఫలితాలు సవర భాషలో చెప్పే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అడిగే హక్కు మీకుంది.

సీతంపేట సవర

సరే. మా కుర్రాళ్లకు ఈ మాట చెబుతాను.

ఆమదాలవలస చరిత్ర

చివరగా ఒక ఆచరణాత్మక ప్రశ్న. మా వైపు చెరువు పూడిక తీసేటప్పుడో, ఇంటి పునాది తవ్వేటప్పుడో పాత కుండలూ ఎముకలూ బయటపడుతుంటాయి. సాధారణంగా వాటిని కడిగి గుడి అరుగు మీద పెడతారు, లేకపోతే ఏటిలో కలిపేస్తారు. అవి పురాతనమైనవైతే ఏం చెయ్యాలి?

ల్యాబ్ మనిషి

మొదట తవ్వడం ఆపించి తహసీల్దారుకూ పోలీసులకూ తెలియజేయండి. మనిషి ఎముక ఏ కాలానిదో చూసి చెప్పలేం కాబట్టి అది తప్పదు. వారి ద్వారా పురావస్తు శాఖకు కబురు వెళుతుంది. ఈలోగా ఎముకను కడగవద్దు. నీరు తగిలితే డీఎన్‌ఏ మరింత పాడవుతుంది, పైగా నీటి నుంచి కొత్త డీఎన్‌ఏ చేరుతుంది. ఒట్టి చేతులతో తాకవద్దు, దాని మీద తుమ్మవద్దు. ఎండలో ఆరబెట్టవద్దు, విరిగిన ముక్కలకు జిగురు రాయవద్దు. పుర్రె కనిపిస్తే చెవి వెనుక భాగాన్ని కదిలించకుండా, ఉన్న మట్టితో సహా నీడలో ఉంచి, ఎంత లోతున దొరికిందో, పక్కన ఏ కుండ పెంకులున్నాయో ఫొటో తీసి పెట్టుకోండి. కుండ పెంకుల రకాన్ని బట్టి, దొరికిన పొరను బట్టి కాలం గురించి మొదటి అంచనా వస్తుంది. కార్బన్ పరీక్షకు పంపేదీ డీఎన్‌ఏకు పంపేదీ ఆ తరువాతే నిర్ణయిస్తారు.